మా ఇంట్లో మత్తు పడదు

కింద ఎడమవైపు చివరి పన్ను. పదకొండేళ్ళ పాటు దాన్ని లవంగ నూనెతో, ఉప్పునీళ్ళతో, పారాసిటమాల్‌తో బుజ్జగిస్తూ వచ్చాను. విజయనగరం గంటస్తంభం దగ్గర కిరాణా కొట్టు మాది, లవంగాలకు కొదవ లేదు. నొప్పి ఎక్కువైనప్పుడల్లా మా ఆయన "పీకించేయరాదూ, దరిద్రం వదులుతుంది" అనేవారు. నేను మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్న మాట ఒకటి పట్టుకుని కూర్చున్నాను: మా ఇంట్లో మత్తు పడదు.

1999లో మా అన్నయ్యకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది, విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ముప్పావుగంట పని అన్నారు. ఒంటిగంటకు లోపలికి తీసుకెళ్ళిన మనిషి దీపాలు పెట్టే వేళకి కూడా బయటికి రాలేదు. అమ్మ వరండాలో నేల మీద కూర్చుని కన్యకా పరమేశ్వరికి మొక్కుల మీద మొక్కులు. ఎవర్ని అడిగినా "ఇంకా ఊపిరి అందుకోలేదు, మిషను మీద ఉంచాం" అనడమే. ఎనిమిదిన్నరకి తనంతట తాను ఊపిరి తీసుకోవడం మొదలెట్టాడని చెప్పారు. డిశ్చార్జి కాగితంలో ఆలస్యంగా కోలుకున్నాడని ఇంగ్లిషులో ఒక్క ముక్క రాసి పంపేశారు. ఎందుకు ఆలస్యమైందో రాయలేదు. తోడబుట్టినవాళ్ళకు పరీక్ష చేయించండి అని ఒక్కరూ అనలేదు. ఆ రోజు అన్నయ్యను బతికించింది వాళ్ళే, కాదనను. కానీ ఆ ఒక్క మాట చెప్పనందుకు ఇప్పటికీ కోపమే.

చాలా ఏళ్ళ తర్వాత అన్నయ్య నాకొక్కదానికే చెప్పాడు. "నాకు చివర్లో మాటలు వినపడ్డాయే. నర్సులెవరో పెళ్ళి చీరల గురించి మాట్లాడుకుంటున్నారు. కన్ను తెరుద్దామంటే రెప్ప లేవదు. వేలు కదపలేను. బతికే ఉన్నానని వీళ్ళకెలా చెప్పడం అనుకున్నాను."

అది విన్నాక ఇక పన్ను పీకించుకోవడం ఎవరి తరం? నాకు కాన్పులు రెండూ మామూలుగా అయిపోయాయి కాబట్టి సరిపోయింది.

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి దవడ బూరెలా ఉబ్బింది. నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోవడం లేదు. మా అమ్మాయితో కలిసి చదువుకున్న పిల్ల మూడు లాంతర్ల దగ్గర పళ్ళ క్లినిక్ పెట్టింది. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినంత పని చేసింది మా అమ్మాయి. ఆ పిల్ల అన్నీ రాసుకుంది: బీపీ, షుగరు, కామెర్లు ఎప్పుడైనా వచ్చాయా, గుండె జబ్బు, వాడే మాత్రలు. పార్శ్వపు నొప్పికి రోజూ ప్రొప్రనొలాల్ వేసుకుంటానని చెప్పాను. చివర్న అసలు సంగతి చెప్పాను. "అమ్మా, మా ఇంట్లో మత్తు పడదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఏ మత్తు ఆంటీ?" అంది.

"మత్తంటే మత్తేనమ్మా, అందులో రకాలేటి?"

మూడు వేళ్ళు చూపించింది. నిద్రపుచ్చేది ఒకటి, కండరాలు కదలకుండా చేసేది ఒకటి, ఒక్కచోట మొద్దుబార్చేది ఒకటి. "మీ అన్నయ్యగారికి పడనిది రెండోదేమో అనిపిస్తోంది. అది అసలు మత్తే కాదు ఆంటీ."

నిజమే, ఆ మాట చేత మనం గాడిద చాకిరీ చేయించుకుంటాం. సారా తాగితే మత్తు, నిద్ర చాలకపోతే మత్తు, కడుపు కోసేటప్పుడిచ్చేది మత్తు, చిగురుకి పొడిచేది మత్తు. ఇరవై ఏళ్ళకు పైగా నేను భయపడింది ఆ మాటకే.

ఆ రోజు పన్ను పీకలేదు. చీము పట్టి ఉన్నప్పుడు ఇంజెక్షన్ సరిగా పట్టదంది. చీమున్న చోట పులుపు, అంటే ఆమ్లత్వం ఎక్కువట. అక్కడ మందులో ఎక్కువ భాగం విద్యుదావేశం ఉన్న రూపంలోనే ఉండిపోయి నరం పొర దాటి లోపలికి పోలేదట. అయిదు రోజులకు యాంటీబయాటిక్ రాసి, ఈలోపు ఒక మత్తు డాక్టరుగారిని కలిసి రమ్మంది.

ఆ డాక్టరుగారు పెద్దాయన. అన్నయ్య కథంతా విని, అడగొచ్చో లేదో అన్నట్టు ఒక్క క్షణం ఆగి, "మీరు వైశ్యులా అమ్మా?" అన్నారు. ఆసుపత్రిలో కులం అడుగుతారేంటని మొహం ముడుచుకున్నాను. "మీ అమ్మానాన్నలది మేనరికమా?" అన్నది రెండో ప్రశ్న. అవునన్నాను. మా అమ్మ నాన్నగారికి సొంత మేనమామ కూతురు. అప్పుడు కాగితం తిరగేసి పెన్ను తీశారు.

ఆపరేషనప్పుడు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలు వదులయ్యే మందు ఇస్తారు. అన్నయ్యకు ఇచ్చింది స్కోలిన్ అయ్యుండాలి, సక్సినైల్‌కోలిన్ అంటారు. అది మామూలు మనిషిలో అయిదు పది నిమిషాలకు మించి పనిచేయదు. ఎందుకంటే రక్తంలో ఒక ఎంజైము తిరుగుతూ ఉంటుంది, దాన్ని దొరికినచోట దొరికినట్టు తెంపేస్తుంది. పేరు సూడోకోలినెస్టరేస్. లివర్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అది లేకపోయినా రోజువారీ బతుకులో ఏ లోటూ తెలియదు. తింటాం, తిరుగుతాం, పిల్లల్ని కంటాం. స్కోలిన్ ఎక్కించిన రోజునే బయటపడుతుంది. అయిదు నిమిషాల మందు గంటలకు గంటలు కదలనివ్వదు. మన దేశంలో వైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే ఎక్కువగా కనపడుతుందని, ఎంజైము అమైనో ఆమ్లాల గొలుసులో 307వ చోట ల్యూసిన్ అనేదాని బదులు ప్రోలిన్ అనేది కూర్చోవడమే అందుకు కారణమని పరిశోధకులు పట్టుకున్నారట. అందరికీ ఉంటుందని కాదు. ఈ ఎంజైము జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది, రెండూ చెడ్డవే వస్తే అన్నయ్యలా అవుతుంది. అమ్మానాన్నల్లో ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి చెడ్డది ఉంటే, తోడబుట్టినదాన్ని కాబట్టి నాకూ నాలుగింట ఒక వంతు అవకాశం.

రక్తపరీక్షకు రాశారు. ఈ ల్యాబు ముచ్చట చెప్పకపోతే నిద్ర పట్టదు. కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి, నా వెనక ఎవరున్నారా అని చూసి, గొంతు తగ్గించి, "పేషెంటు ఎక్కడమ్మా? ఏ మందు తాగారు?" అన్నాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. పొలాల్లో కొట్టే పురుగుమందుల్లో కొన్ని ఇదే ఎంజైమును పడగొడతాయట. మా జిల్లాలో ఆ పరీక్ష రాసేది ఎక్కువగా పురుగుమందు తాగినవాళ్ళకేనట. "పన్ను పీకించుకోడానికి బాబూ" అంటే వాడు నమ్మలేదు. వాడి మొహం చూస్తే నవ్వొచ్చింది కానీ, రోజుకి ఎన్నిసార్లు అడుగుతాడో ఆ ప్రశ్న అనిపించి నవ్వు ఆగిపోయింది.

వేలల్లో ఉండాల్సిన సంఖ్య నాకు మూడంకెల్లో వచ్చింది. తప్పేమోనని ఇంకో ల్యాబులో చేయించాం. అంతే వచ్చింది. అంటే అన్నయ్యా నేనూ ఒకే తాను ముక్కలం.

రిపోర్టు పట్టుకుని వణుక్కుంటూ మళ్ళీ పెద్దాయన దగ్గరికెళ్ళాను. "ఇక పన్ను సంగతి మర్చిపోవాలా డాక్టరుగారూ?" ఆయన హాయిగా నవ్వి, "మీ పంటి మందుకి ఈ ఎంజైముతో పనే లేదమ్మా" అన్నారు.

ఇక్కణ్ణుంచి ఆయన చెప్పింది నాకు భలే నచ్చింది. కొట్టు లెక్కలు చూసేదాన్ని కదా, సరుకు ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నది నాకు ఇష్టమైన విషయం.

ఒక్కచోట మొద్దుబార్చే మందులు రెండు జాతులు. మందు అణువు మధ్యలో ఉండే లంకెను బట్టి ఒకటి ఎస్టర్, రెండోది అమైడ్. ఎస్టర్ లంకెను రక్తంలో ఉన్న ఆ ఎంజైమే తెంపేస్తుంది, స్కోలిన్‌ని తెంపినట్టే. అంటే సరుకు గోడౌనుకి చేరకుండా దారిలోనే చిల్లరగా అమ్ముడైపోవడం. క్లోరోప్రొకైన్ అనే మందు మామూలు మనిషి రక్తంలో సగం అవడానికి ఒక్క నిమిషం కూడా పట్టదట. పళ్ళ డాక్టర్లు ఒకప్పుడు ఏళ్ళ తరబడి వాడిన నోవొకైన్, అదే ప్రొకైన్, ఈ జాతిదే. 1905 ప్రాంతంలో వచ్చింది. నాలాంటి మనిషికి అది ఇస్తే రక్తంలో పోవాల్సినంత వేగంగా పోదు. మా ముత్తాతల కాలంలో అయితే నా భయానికి కొంత అర్థం ఉండేదన్నమాట.

1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ అనే ఆయన లిగ్నోకైన్ తయారుచేశాడు. మనవాళ్ళు జైలోకైన్ అని పిలిచేది దాన్నే. ఇది అమైడ్. ఈ లంకె రక్తంలో తెగదు, లివర్‌కి పోవాల్సిందే. గుర్తుపట్టడానికి పెద్దాయన ఒక చిట్కా చెప్పారు. ఇంగ్లిషు స్పెల్లింగులో 'ఐ' అక్షరం రెండుసార్లు వస్తే అమైడ్, ఒక్కసారే వస్తే ఎస్టర్. ప్రొకైన్‌లో ఒకటి. లిగ్నోకైన్‌లో రెండు. వెన్నులో ఇచ్చే బుపివకైన్‌లో రెండు. మర్నాడు కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని బిల్లుల వెనక రాసి సరిచూసుకున్నాను కూడా.

అయితే ఒక దొంగ ఉంది. ఆర్టికైన్. ఇప్పుడు పళ్ళ క్లినిక్కుల్లో వాడుతున్నారు. రెండు 'ఐ'లూ ఉన్నాయి, అమైడే, కానీ పక్కన ఒక ఎస్టర్ కొమ్మ కూడా ఉంది. ఆ కొమ్మను రక్తంలోని ఎంజైములు తెంపేస్తాయి కాబట్టి అది లిగ్నోకైన్ కంటే చాలా తొందరగా, అరగంటలోపే సగం అయిపోతుంది. మామూలువాళ్ళకు అది లాభం. నాకు ఇచ్చేటప్పుడు ఆలోచించాలి. అది కాకుండా లిగ్నోకైనే వాడమని చీటీ మీద రాసిచ్చారు.

లివర్ ఏం చేస్తుందంటే, లిగ్నోకైన్ తోకకు రెండు ఇథైల్ ముక్కలుంటాయి, ముందు వాటిలో ఒకదాన్ని కత్తిరిస్తుంది. అప్పుడు మిగిలేది కూడా కొంచెం మందులాగే పనిచేస్తుందట. తర్వాత రెండోది కత్తిరిస్తుంది, లంకె తెంపుతుంది, చివరికి ఒంట్లోంచి తేలిగ్గా పోయేలా మార్చి కిడ్నీలకు అప్పజెబుతుంది. మందు మందులాగే మూత్రంలో పోయేది పదో వంతు కూడా ఉండదు. ఈ పనిలో లివర్ ఎంత చురుకంటే, దాని గుండా ఒక్కసారి పారిన రక్తంలోంచి సుమారు 70 శాతం లిగ్నోకైన్‌ని పట్టేస్తుంది. మా గోడౌన్లో పాత కలాసీ ఒకాయన ఉండేవాడు. ఎన్ని బస్తాలు వచ్చినా దించేసేవాడు, ఆలస్యం జరిగితే లారీ రాకపోవడం వల్లే. లివర్ కూడా అంతే. లిగ్నోకైన్ ఎంత వేగంగా పోతుందన్నది లివర్‌కి ఎంత రక్తం పారుతుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గుండె నీరసించినవాళ్ళలో రక్తం తక్కువ పారుతుంది, మందు నిలవుంటుంది. లివర్ గట్టిపడిపోయినవాళ్ళలో కలాసీయే మంచం పట్టినట్టు. మామూలుగా గంటన్నర, రెండు గంటల్లో సగం కావలసింది వాళ్ళలో మూడింతల దాకా సాగుతుంది. ఆ పిల్ల కామెర్లు వచ్చాయా, గుండె ఎలా ఉంది అని ఎందుకు అడిగిందో అప్పుడర్థమైంది. నా ప్రొప్రనొలాల్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. లివర్‌కి పోయే రక్తాన్ని తగ్గిస్తుంది, అక్కడి ఎంజైముల పనికీ కొంత అడ్డుపడుతుంది.

అంటే నాకు లేని దారి ఒకటి. నాకు దర్జాగా ఉన్న దారి ఇంకొకటి. పన్ను మందు రెండో దారిలో పోతుంది. ఇంత చిన్న సంగతి కోసం పదకొండేళ్ళు లవంగాలు నమిలాను.

వాపు తగ్గాక ఒక గురువారం వెళ్ళాను. కుర్చీలో కూర్చున్నాక ఆ పిల్ల సీసా నా చేతికిచ్చి చదువుకోమంది. నా సంగతి తెలిసిపోయింది దానికి. లిగ్నోకైన్ 2 శాతం, అడ్రినలిన్ 80,000లో 1 వంతు. 2 శాతం అంటే మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు. నాకు ఇవ్వబోయేది 2 మిల్లీలీటర్లు, అంటే 40 మిల్లీగ్రాములు. అడ్రినలిన్ కలిపినదైతే కిలో బరువుకి 7 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చంటారు, ఇంకా గట్టిగా లెక్కవేసేవాళ్ళు 4.4 దగ్గరే ఆగుతారు. నేను 61 కిలోలు. ఆ గట్టి లెక్కలోనే 268 వస్తుంది. మనసులో గుణకారం చేసుకుని, 268 ఎక్కడ, 40 ఎక్కడ అనుకుని వెనక్కి ఆనుకున్నాను.

అడ్రినలిన్ ఎందుకంటే, అక్కడి రక్తనాళాలను బిగబట్టి మందు తొందరగా కొట్టుకుపోకుండా కాపలా కాస్తుంది. కానీ ప్రొప్రనొలాల్ వేసుకునేవాళ్ళకు అడ్రినలిన్ తగిలితే బీపీ ఎగబాకవచ్చు. అందుకని కొంచెం ఇచ్చి, ఆగి, బీపీ చూసి, మళ్ళీ కొంచెం ఇచ్చింది. సూది లోపలికి పోయాక పిస్టన్ కాస్త వెనక్కి లాగి, గాజు గొట్టంలోకి ఎర్రచుక్క రాలేదని చూసుకుని అప్పుడు నొక్కింది. రక్తనాళంలోకి నేరుగా పోతే అదే మందు విషమవుతుందట. చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి, నాలుక తిమ్మిరి, తల తిరగడం, ఏది అనిపించినా చెయ్యెత్తమంది. నేను అయిదు నిమిషాలూ ఇనుము రుచి కోసమే వెతుక్కున్నాను. రాలేదు. పెదవి సగం మాత్రం ఎవరిదో అయిపోయింది.

పన్ను ఊడిరావడానికి పావుగంట. చప్పుడు బాగోలేదు, నొప్పి మాత్రం లేదు. వేరు కొస వంకర తిరిగి కొడవలిలా ఉంది. ఇంటికి తెచ్చుకున్నాను, ఎందుకో అడగకండి.

పదకొండుంబావుకి సూది పడింది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో పెదవి చివర చీమలు పాకినట్టయింది. మందు వదిలిపోయిందని మా ఆయనతో అన్నాను. తర్వాత ఆ పిల్ల సరిచేసింది. వదిలింది నరాన్ని, నన్ను కాదట. మొద్దుతనం పోయేది లివర్ మందును విరగ్గొట్టినందుకు కాదు. దవడలోని మందు మెల్లగా రక్తంలోకి జారిపోయినందుకు. పెదవి తిరిగి నాదయ్యే వేళకి అది ఒంట్లో అన్నిచోట్లా పలచగా పరుచుకుని, ఊపిరితిత్తుల మీదుగా కొంత ఆగి ఆగి, లివర్ దగ్గరికి విడతలు విడతలుగా చేరుతూ ఉంటుంది. ఆ సాయంత్రం కొట్లో కూర్చుని లెక్కేశాను. రక్తంలోకి చేరింది గంటన్నరకో రెండు గంటలకో సగం, అందులో మళ్ళీ సగం. నా మాత్ర పుణ్యమా అని ఇంకాస్త మెల్లగానే అనుకుందాం. చోడి జావ చల్లార్చుకుని తాగి పడుకునే వేళకి కూడా అడుగూ బొడుగూ మిగిలే ఉంటుంది. తెల్లారి లేచేసరికి దాదాపు ఖాతా మూసేసినట్టే. నొప్పి మాత్రం మూడున్నరకే వచ్చేసింది, ఆ లెక్క వేరు.

పెద్దాయన ఇచ్చిన చీటీని లామినేషన్ చేయించాను. సక్సినైల్‌కోలిన్ ఇవ్వరాదు, సూడోకోలినెస్టరేస్ లోపం అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పర్సులో ఆధార్ కార్డు వెనక పెట్టుకున్నాను. పిల్లలిద్దరికీ నా నుంచి ఒక్కొక్కటి తప్పకుండా వెళ్ళి ఉంటుంది. మా ఆయనది రాజమండ్రి, మాకు ముందు చుట్టరికం లేదు. వాళ్ళ సంఖ్యలు మధ్యస్థంగా వచ్చాయి. పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం. గోత్రాలు అడిగినట్టే ఇదీ అడగాలంటే మా అత్తగారు "చాల్లే, ఉన్న ప్రశ్నలు చాలవా" అన్నారు. నేనైతే అడుగుతాను.

ఆ రాత్రి బొబ్బిలికి ఫోన్ చేసి అన్నయ్యకు మొత్తం చెప్పాను. స్కోలిన్, ఎంజైము, 307, లివర్, కలాసీ, అన్నీ. అవతల చాలాసేపు మాట లేదు. లైన్ పోయిందేమో అనుకున్నాను.

"అంటే నాకు తెలివి రాకపోవడం కాదన్నమాట. తెలివి ఉంది, ఒళ్ళే రాలేదు" అన్నాడు.

"అవును అన్నయ్యా."

మళ్ళీ కాసేపు ఆగి, "నాకూ పైన ఒకటి పుచ్చి ఉందే, ఎనిమిదేళ్ళ నుంచి. ఆ పిల్ల మంగళవారం ఉంటుందా?" అన్నాడు.

మంగళవారం పైడితల్లమ్మ వారం, ఆ రోజు అమ్మ ఒప్పుకోదన్నాను. బుధవారం పొద్దున్న బస్సుకి వస్తానన్నాడు. వచ్చేటప్పుడు ఆ డిశ్చార్జి కాగితం ఇంకా ఉంటే వెతికి తెమ్మన్నాను.